బిడ్డ పక్కన మనిషి: ఒక చిన్న ఉద్యోగం చరిత్ర

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాసి పంపమని మన సంఘ కార్యదర్శిగారు కోరినప్పుడు, నేను జమలాపురం వెంకన్న గుడి గురించో, ఎర్రుపాలెం మీదుగా బెజవాడ వెళ్ళే నిజాం రైలు మార్గం గురించో రాస్తానని అనుకొని ఉంటారు. వాటిని నాకంటే బాగా రాయగలవారు మన సభ్యుల్లో ఉన్నారు. విద్యాశాఖ కార్యాలయాల్లో జీతాల బిల్లులు చేస్తూ సర్వీసంతా గడిపినవాణ్ణి గనుక, ఆ బిల్లుల్లో ఎప్పుడూ చిట్టచివరి వరుసలో కనబడే ఒక ఉద్యోగం గురించి రాయాలనిపించింది. నడవలేని, చూడలేని, వినలేని, చెప్పింది త్వరగా పట్టుబడని పిల్లలు బడికి వచ్చినప్పుడు వారి పక్కన ఉండి చూసుకొనే మనిషి ఉద్యోగం అది. కాగితాల మీద ఆ మనిషికి అటెండెంటు, ఎస్కార్టు, ఆయా, కేర్‌గివర్ అని రకరకాల పేర్లు. పిల్లలకు మాత్రం అక్కో, పిన్నమ్మో, అమ్మమ్మో.

పెన్షనర్ల పత్రికలో డి.ఎ. బకాయిల సంగతి, పి.ఆర్.సి. సంగతి వదిలేసి ఇదేమిటని కొందరికి తోచవచ్చు. చివరికి పెన్షన్ దగ్గరికే వస్తాను, కాస్త ఓపిక పట్టండి. ఈ పనికి శిక్షణ అవసరమని లోకానికి ఎప్పుడు తట్టింది, ఏమి నేర్పారు, ఆ శిక్షణ మన ఖమ్మం జిల్లా వైపు ఎంతవరకు వచ్చింది అన్నదే ఇక్కడ చెప్పదలచుకున్నది.

ముందుగా పేర్ల సంగతి. మన సర్వీసు కాలంలో జీవోలన్నిటిలోనూ వికలాంగులు, మానసిక వికలాంగులు, బుద్ధిమాంద్యులు అని ఉండేది. 2015 డిసెంబరులో ప్రధానమంత్రి రేడియో ప్రసంగం తరువాత దివ్యాంగులు అనే మాట వాడుకలోకి వచ్చింది. బడుల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లలు అంటున్నారు. ఊళ్ళల్లో ఈ గొడవేమీ లేదు. బిడ్డకు ఏది లేదో దాన్నే పేరు చేసి పిలిచేవారు. అసలు పేరు బడి రిజిస్టరులో కూడా ఉండేది కాదు, ఎందుకంటే ఆ బిడ్డ బడికే వచ్చేవాడు కాదు. నేను పాత కాగితాల సంగతి చెప్పేచోట ఆ నాటి మాటలే వాడుతున్నాను, పాఠకులు అన్యథా భావించవద్దు.

ఈ ఉద్యోగం చరిత్ర వెతికితే 1800 నాటి ఫ్రాన్సు దాకా వెళ్ళవలసి వచ్చింది. అవేరాన్ అనే ప్రాంతపు అడవుల్లో మాటరాని పిల్లవాడొకడు దొరికాడు. పారిస్‌లోని బధిరుల విద్యాసంస్థకు తెచ్చారు. అక్కడి యువ వైద్యుడు ఇటార్ వాడికి విక్టర్ అని పేరు పెట్టి అయిదారేళ్ళు పాఠాలు చెప్పాడు. ఆ పాఠాల మీద ఆయన రాసిన రెండు నివేదికలు ప్రపంచ ప్రసిద్ధమయ్యాయి. ప్రత్యేక విద్య అనే శాస్త్రానికి ఇటార్ ఆద్యుడని నేటికీ శిక్షణ కళాశాలల్లో చెబుతారు. బాగానే ఉంది. కాని ఇటార్ పాఠం చెప్పేది రోజులో కొద్ది గంటలు. మిగిలిన పొద్దంతా, రాత్రంతా ఆ పిల్లవాణ్ణి కనిపెట్టుకొని ఉన్నది గెరిన్ అనే ఇల్లాలు. తినిపించడం, స్నానం, షికారు, బల్ల మీద పళ్ళేలు సర్దడం నేర్పడం, అన్నీ ఆమె చేతి మీదుగానే జరిగాయి. ఆమె భర్త చనిపోయినప్పటి సంగతి ఒకటి ఇటారే రాశాడు. భోజనం వేళ విక్టర్ అలవాటు కొద్దీ ఆయనకు కూడా పళ్ళెం పెట్టాడు. అది చూసి ఆమె భోరుమంది. తన వల్లనే ఏడ్చిందని గ్రహించి, పళ్ళెం తీసి బీరువాలో పెట్టేశాడు. మళ్ళీ ఎన్నడూ పెట్టలేదు. మాట పలకని పిల్లవాడికి ఎదుటి మనిషి దుఃఖం అర్థమయింది. ఆ చదువు ఎవరి పక్కన అబ్బిందో వేరే చెప్పనక్కరలేదు.

విక్టర్ మాటలు నేర్వలేదని ఇటార్ నిరాశపడి 1806 ప్రాంతంలో పాఠాలు మానుకున్నాడు. గెరిన్ మానలేదు. 1828లో విక్టర్ చనిపోయేదాకా ఆమె ఇంటనే ఉన్నాడు. అందుకు ఫ్రాన్సు ప్రభుత్వం ఆమెకు ఏడాదికి 150 ఫ్రాంకులు మంజూరు చేసింది. బిల్లులు చేసినవాణ్ణి గనుక నా కన్ను ఆ అంకె మీద ఆగింది. ఈ వృత్తిలో సర్కారు జీతం రాతకెక్కిన తొలి మనుషుల్లో ఆమె ఒకరు.

ఇటార్ శిష్యుడు సెగన్ ఆ పద్ధతులను పెంచి గ్రంథం చేశాడు. రోములో వైద్యురాలైన మరియా మాంటిస్సోరి ఇటార్, సెగన్ల రచనలను తన చేత్తో తిరగరాసుకొని మరీ చదివింది. 1900లో ఆమె పాఠం మొదలుపెట్టింది బుద్ధిమాంద్య బాలలతోనే. 1907లో రోములోని పేదపేటలో బాలల గృహం తెరిచినప్పుడు, పిల్లల దగ్గర కూర్చోబెట్టింది ఉపాధ్యాయినిని కాదు, ఆ భవనం కాపలాదారు కూతురిని. ఏ పాత విద్యా నేర్వని మనిషి అయితే తాను చెప్పినట్టు చూస్తుందని, చూసింది చూసినట్టు చెబుతుందని ఆవిడ నమ్మకం.

ఈ మాంటిస్సోరి 1939 నవంబరులో మద్రాసు వచ్చింది. అడయారులో దివ్యజ్ఞాన సమాజం ఆవరణలో సుమారు 300 మందికి శిక్షణ ఇచ్చింది. యుద్ధం వచ్చి, ఇటలీ దేశస్థురాలు గనుక ఇంగ్లీషువారు కదలనివ్వక, 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయింది. అప్పుడు మన ఖమ్మం నిజాం రాజ్యంలో, వరంగల్లు జిల్లాలో ఒక భాగం. భద్రాచలం మద్రాసు రాష్ట్రంలో తూర్పు గోదావరి కింద ఉండేది. 1953లో ఖమ్మం విడి జిల్లా అయింది, 1959లో భద్రాచలం వచ్చి కలిసింది. మద్రాసు నుంచి ఆ చదువు తెలుగు పట్టణాలకు చేరింది గాని, చేరిన తీరు చూడండి. మందబుద్ధి పిల్లల కోసం పుట్టిన పద్ధతి కలవారి పిల్లల కాన్వెంట్లలో స్థిరపడింది. ఎవరి కోసం పుట్టిందో ఆ పిల్లలు మాత్రం గేటు బయటే మిగిలిపోయారు.

స్వాతంత్ర్యం వచ్చాక కొఠారి కమిషన్ 1964-66లో ఈ పిల్లలను వీలైనంత వరకు మామూలు బడుల్లోనే చదివించాలని చెప్పింది. దాని ఫలితంగా 1974లో కేంద్ర సాంఘిక సంక్షేమ శాఖ వికలాంగ బాలల సమైక్య విద్యా పథకం ప్రారంభించింది. 1982లో అది విద్యాశాఖకు మారింది. 1992లో సవరించిన ఆ పథకం అంకెలు మన తరం గుమాస్తాలకు గుర్తుండే ఉంటాయి. పుస్తకాలకు ఏడాదికి 400 రూపాయలు, యూనిఫారానికి 200, రాకపోకలకు నెలకు 50, అంధ విద్యార్థికి చదివి వినిపించేవారికి నెలకు 50, కాళ్ళు బొత్తిగా లేవని పిల్లలను తీసుకొచ్చేవారికి నెలకు 75. ప్రతి 8 మంది పిల్లలకు ఒక రిసోర్సు టీచరు ఉండాలని, ఆ టీచరుకు ఫలానా శిక్షణ ఉండాలని రాశారు. తీవ్ర అంగవైకల్యం ఉన్న 10 మంది పిల్లలకు ఒక అటెండెంటును పెట్టుకోవచ్చు, ఆ అటెండెంటుకు నాలుగో తరగతి ఉద్యోగి స్కేలు ఇవ్వవచ్చు అన్నారు. మన భాషలో లాస్ట్ గ్రేడు. శిక్షణ మాట అక్కడ రాలేదు.

ఎందుకు రాలేదంటే, నాకు తోచిన కారణం పోలియో. ఆ రోజుల్లో బడి ముఖం చూసిన వికలాంగ బాలుల్లో చాలామంది పోలియో పిల్లలే. కాళ్ళు చచ్చుబడతాయి గాని తెలివికి లోటుండదు. వాళ్ళకు కావలసింది మెట్లెక్కించే మనిషి, కాలిపర్లు బిగించే మనిషి, మరుగుదొడ్డి దాకా తీసుకుపోయే మనిషి. మోయగలిగితే చాలు. అందుకే పథకం రాసినవారు మోసే మనిషినే ఊహించి స్కేలు నిర్ణయించారు. తరువాత చుక్కల మందు ఊరూరా వచ్చింది. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదయింది. 2014 మార్చిలో మన ప్రాంతాన్ని పోలియో రహితంగా ప్రకటించారు. పోలియో పోయాక బడిలో కనిపించడం మొదలైన పిల్లలు వేరు. పుట్టుకలో మెదడుకు దెబ్బ తగిలి కండరాలు బిగుసుకుపోయినవారు, మాట పలకనివారు, ఆటిజం అనే స్థితి ఉన్నవారు, ఏ పనైనా వందసార్లు చూపితే గాని పట్టుబడనివారు. వీళ్ళకు మోసే మనిషి చాలదు, నేర్పే మనిషి కావాలి. పని మారింది. జీతం స్కేలు మాత్రం మోసే మనిషిదే ఉండిపోయింది.

నేర్పేవారికి నేర్పే ఏర్పాటు మన వైపు ఎలా వచ్చిందంటే, 1968లో హైదరాబాదులో ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ బుద్ధిమాంద్య బాలల కోసం వెలిసింది. 1984 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం సికింద్రాబాదు బోయినపల్లిలో జాతీయ మానసిక వికలాంగుల సంస్థను స్థాపించింది. ఆ చోటికి మనోవికాస్ నగర్ అని పేరు. వినికిడి లోపాల జాతీయ సంస్థకు, అది బొంబాయిలో ఉన్నా, మన ఉస్మానియా వైస్ ఛాన్సలరుగా పనిచేసిన అలీ యావర్ జంగ్ పేరు పెట్టారు. దాని దక్షిణాది కేంద్రం కూడా మనోవికాస్ నగర్‌లోనే వచ్చింది. ఇంటర్ పాసైనవారికి అక్కడ డిప్లొమా కోర్సులు ఉండేవి. తల్లిదండ్రుల కోసం బొమ్మలతో చిన్న చిన్న పుస్తకాలు కూడా వేశారు. పళ్ళు తోమడం ఎలా నేర్పాలి, బట్టలు తొడుక్కోవడం ఎలా నేర్పాలి, మరుగుదొడ్డి అలవాటు ఎలా చేయాలి, ఇవీ వాటిలోని విషయాలు. పెద్ద పెద్ద గ్రంథాల కంటే ఆ చిన్న పుస్తకాలే ఎక్కువ ఇళ్ళకు మేలు చేశాయని నా అభిప్రాయం.

మన ఎర్రుపాలెం వాళ్ళకు పని పడితే ఖమ్మం ఎంతో విజయవాడా అంతే. ప్యాసింజరు ఎక్కితే చాలు. 1985లో కేంద్రం దేశం మొత్తం మీద 11 జిల్లా పునరావాస కేంద్రాలు మంజూరు చేస్తే వాటిలో ఒకటి విజయవాడకు వచ్చింది. పట్నంలో డాక్టరు, పల్లెలో కార్యకర్త, ఇద్దరి మధ్య వంతెనగా కొద్దిపాటి శిక్షణ ఉన్నవారు అనే ఆలోచన ఆ పథకంలో ఉంది. ఊళ్ళోని మనిషికే కొంచెం నేర్పి, ఆ ఊళ్ళోని బిడ్డల దగ్గరే పనిచేయించడం అందులోని కీలకం. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అదే కాలంలో, ఇంట్లోవారే శిక్షకులు కావాలనే పద్ధతికి చేతి పుస్తకాలు తయారుచేయించింది.

1992లో పార్లమెంటు పునరావాస మండలి చట్టం చేసింది. 1993 జూన్ నుంచి అది అమలయింది. ప్రత్యేక ఉపాధ్యాయులు, స్పీచ్ థెరపిస్టులు మొదలైనవారు ఆ మండలిలో పేరు నమోదు చేసుకోవాలి. లేకుండా వృత్తి చేస్తే ఏడాది దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా. మంచిదే. అర్హత లేనివారి చేతుల్లో పిల్లలు పడకుండా చట్టం కాపాడాలి. కాని చట్టంలో పేర్కొన్న వృత్తుల జాబితాలో బిడ్డ పక్కన పొద్దస్తమానం ఉండే సహాయకురాలి పేరు లేదు. ఆ తరువాత చాలా కాలానికి గాని సంరక్షకుల సర్టిఫికెట్ కోర్సు రాలేదు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద సహయోగి అనే పేరుతో సంరక్షకులకు శిక్షణ పథకం కూడా వచ్చింది. పట్టణాల్లో సంస్థలున్నచోట అది కొంత సాగింది. మారుమూల మండలాలకు ఆ పేరైనా సరిగా చేరలేదు.

1995 చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించి, 18 ఏళ్ళ దాకా ఉచిత విద్య అన్నది. 2001 నుంచి సర్వశిక్షా అభియాన్ వచ్చింది. ఒక్కొక్క ప్రత్యేక అవసరాల బిడ్డకు ఏడాదికి 1,200 రూపాయలు అని మొదలుపెట్టి, తరువాత 3,000 చేశారు. 2018లో సమగ్ర శిక్ష వచ్చాక 3,500. మండల కేంద్రాల్లో భవిత కేంద్రాలు వెలిశాయి. ప్రత్యేక శిక్షణ పొందిన రిసోర్సు ఉపాధ్యాయులు కాంట్రాక్టు మీద వచ్చారు. బడికి రాలేని బిడ్డ ఇంటికే వారానికోసారి వెళ్ళి చెప్పడం మొదలయింది. ఫిజియోథెరపీ రోజు పెట్టారు. ఆయాను పెట్టుకోవడానికి వీలు కల్పించారు. ఆ ఆయాలుగా చాలాచోట్ల ఎవరు వచ్చారో మీకు తెలుసా? ఆ పిల్లల తల్లులే. మా వైపు ఒక తల్లి కొడుకును తొమ్మిదేళ్ళు వచ్చేదాకా చంకనెత్తుకొని బడికి తెచ్చి, చివరి గంట కొట్టేదాకా వరండాలో కూర్చొనేది. మిరపకోతల కాలంలో అందరూ కూలికి పోతే ఆమె మాత్రం వరండాలోనే. ఆ రోజు కూలి ఎంత పోయిందో ఏ పథకంలోనూ లెక్కకు రాలేదు.

ఇక శిక్షణలో అసలు ఏమి నేర్పుతారన్నది చెప్పాలి. దీనికేం శిక్షణ, పిల్లల్ని చూసుకోవడం ఎవరికి రాదు అనే మాట నేను చాలా ఆఫీసుల్లో విన్నాను. వినేవారు తలూపేవారు కూడా. ఆ శిక్షణ పుస్తకాలు చదివాక, నేర్పేవారిని దగ్గర కూర్చొని చూశాక, అది ఎంత సూక్ష్మమైన విద్యో తెలిసింది.

అన్నం తినడమే తీసుకోండి. మనకది ఒక పని. శిక్షణలో అది పది పనులు. కంచం దగ్గర నిలకడగా కూర్చోవడం, చెయ్యి కడుక్కోవడం, కలపడం, ముద్ద చేయడం, ఎత్తడం, నోటి దాకా తేవడం, నోరు తెరవడం, పెట్టడం, నమలడం, మింగడం. బిడ్డకు ఏ మెట్టు దగ్గర ఆగిపోతున్నదో ముందు చూడాలి. ఆ తరువాత నేర్పడం చివరి మెట్టు నుంచి వెనక్కి జరగాలి. అంటే సహాయకురాలు బిడ్డ చేతి మీద తన చెయ్యి వేసి, కలిపి, ముద్ద చేసి, నోటి దగ్గర దాకా తెచ్చి, అక్కడ వదిలేస్తుంది. ఆ చివరి అంగుళం బిడ్డదే. పని పూర్తిచేసింది బిడ్డే గనుక ఆ సంతోషం బిడ్డకే దక్కుతుంది. అది వచ్చాక ఇంకో అంగుళం ముందు వదులుతుంది. చొక్కా గుండీలకూ ఇదే పద్ధతి. పై గుండీలన్నీ తను పెట్టి, చివరిది బిడ్డకు వదలాలి. మనం సాధారణంగా చేసేది దీనికి తలకిందులు. మొదటి గుండీ పెట్టుకోమంటాం, రాదు, విసుక్కొని అన్నీ మనమే పెట్టేస్తాం.

బిడ్డకు ఏమి వచ్చో చూడడానికి మద్రాసులోని విజయ్ హ్యూమన్ సర్వీసెస్ వారు ఒక పట్టిక తయారుచేశారు. 18 విభాగాలు, విభాగానికి 20 చొప్పున మొత్తం 360 అంశాలు. తెలివితేటల పరీక్షలాగా ఒక్క అంకె ఇచ్చి పంపించే వ్యవహారం కాదు. తినడం, తొడుక్కోవడం, నడవడం, మాట్లాడడం, డబ్బు లెక్క, సమయం, ఇలా ఒక్కొక్కటీ తేలికైన దాని నుంచి కష్టమైన దానికి వరుసగా ఉంటాయి. ఎక్కడ వచ్చు, ఎక్కడ రాదు అని గుర్తు పెడితే తరువాత నేర్పవలసిందేమిటో కాగితమే చెబుతుంది. ఇదొక సర్వీసు రిజిస్టరు లాంటిది. మూడు నెలలకోసారి ఎంట్రీలు వేయాలి.

శరీరం గురించి నేర్పేవి మరీ ముఖ్యం. కండరాలు బిగుసుకుపోయిన బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి తినిపిస్తే మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. కూర్చోబెట్టి, తల కొంచెం ముందుకు వంచి, ఎదురుగా ఉండి పెట్టాలి. కాళ్ళు కత్తెరలా ముడుచుకుపోయే బిడ్డను ఎత్తుకోవడానికి థెరపిస్టులు చెప్పే పద్ధతుల్లో ఒకటి చంకనెత్తుకోవడమే. రెండు కాళ్ళూ ఎడంగా ఉండి బిగువు సడలుతుంది. మన తల్లులు ఎవరూ చెప్పకుండానే చేస్తున్నది అది. మూర్ఛ వస్తే చేతిలో తాళాల గుత్తి పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, పళ్ళ మధ్య చెంచా దూర్చడం మన ఊళ్ళల్లో మామూలు. ఇవేవీ చేయకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, చుట్టూ ఉన్న గట్టి వస్తువులు తీసేసి, గడియారం చూడాలి. అయిదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసుకుపోవాలి. చూపు లేని బిడ్డను చెయ్యి పట్టి లాక్కుపోకూడదు, మన మోచెయ్యి పట్టుకోనిచ్చి అరడుగు ముందు నడవాలి. వినికిడి తక్కువైన బిడ్డతో అరిచి లాభం లేదు, మన ముఖం మీద వెలుతురు పడేలా ఎదురుగా నిలబడి మాట్లాడాలి.

మొండితనం అనుకొనేదానికీ ఒక లెక్క నేర్పుతారు. పలక విసిరేసే పిల్లవాడున్నాడనుకోండి. విసరడానికి ముందు ఏమి జరిగింది, విసిరాక ఏమి జరిగింది అని వారం రోజులు రాయమంటారు. రాస్తే, రాయమన్నప్పుడల్లా విసురుతున్నాడని, విసిరినప్పుడల్లా బయటికి పంపేస్తున్నారని తేలుతుంది. బయటికి పోవడమే వాడికి కావలసింది. శిక్ష అని మనం అనుకుంటున్నది వాడికి బహుమతి!

ఇన్ని నేర్చిన మనిషికి చిట్టచివర నేర్పేది, అన్నిటికన్నా కష్టమైనది, తన చేతులు కట్టుకొని కూర్చోవడం. హెలెన్ కెల్లర్ దగ్గరికి 1887 మార్చిలో వచ్చిన ఆన్ సలివన్‌కు అప్పటికి ఇరవై ఏళ్ళే. అంతకు ముందు లారా బ్రిడ్జ్‌మన్ అనే చూపు, వినికిడి లేని బాలికకు చదువు చెప్పిన రికార్డులు కొన్ని నెలలు చదువుకోవడమే ఆమె పొందిన శిక్షణ. వచ్చిన కొద్ది రోజులకే ఆమె పోరాడింది, ఆ బిడ్డ తన చెంచాతో తను తినాలని, తన రుమాలు తను మడవాలని. ఇంట్లోవాళ్ళు జాలితో చేసేదాన్ని ఆమె మాన్పించింది. మరో వందేళ్ళకు, 1997లో, అమెరికాలో జియాన్‌గ్రెకో అనే పండితుడి బృందం బడులు తిరిగి చూసి ఇదే సంగతి మరో విధంగా చెప్పింది. సహాయకురాలు ఎప్పుడూ అతుక్కొని కూర్చుంటే తోటి పిల్లలు ఆ బిడ్డ పక్కకు రారు, టీచరు కూడా ఆ బిడ్డ నాది కాదన్నట్టు వదిలేస్తారు, బిడ్డ ప్రతిదానికీ ఆమె ముఖం చూస్తాడు. కాబట్టి ఎప్పుడు దగ్గరకు జరగాలో ఎంత తెలియాలో, ఎప్పుడు వెనక బెంచీకి పోవాలో అంత తెలియాలి. ఇది లాస్ట్ గ్రేడు విద్యేనా, మీరే చెప్పండి.

మన ఉమ్మడి జిల్లాలో దీనికి ఇంకో మడత ఉంది. సర్వీసులో భద్రాచలం ఏజెన్సీకి బదిలీ మీద వెళ్ళినవారికి ఇది అనుభవమే. బళ్ళో టీచరు తెలుగులో అడుగుతాడు. ఇంట్లో కోయ భాష మాట్లాడే బిడ్డ జవాబివ్వడు. వీడికి వినబడదనో, బుర్ర లేదనో రాసేస్తారు. అదే బిడ్డను కోయలో అడిగితే గలగలా చెబుతాడు. తలకిందుల పొరపాటూ ఉంది. నిజంగానే వినికిడి లోపం ఉన్న బిడ్డను, భాష రాకపోవడం వల్లనేలెమ్మని ఏళ్ళ తరబడి వదిలేయడం. రెండిటిలోనూ నష్టం బిడ్డదే. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో కోయతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు తయారుచేసి బహుభాషా విద్య మొదలుపెట్టారు. ఆ వెలుగులో చూస్తే, ఏజెన్సీ బడిలో బిడ్డ పక్కన ఉండే మనిషి ఆ గూడెం మనిషే కావడం సౌకర్యం కోసం కాదు, అవసరం. ఖమ్మం నుంచి అర్హత పత్రాలతో వచ్చిన వారికంటే, కోయ వచ్చిన పదో తరగతి అమ్మాయికి మూడు నెలలు బాగా నేర్పితే ముందుగా పనికి వస్తుంది. ఈ మాట అంటే ప్రత్యేక ఉపాధ్యాయ మిత్రులకు కోపం రావచ్చు. వాళ్ళ స్థానం వాళ్ళదే, అది ఎవరూ తీసుకోలేరు. కాని వారానికోసారి వచ్చే టీచరు రాసిపెట్టిన పాఠాన్ని మిగిలిన రోజులు నడిపే మనిషి లేకపోతే ఆ పాఠం నోటుబుక్కులోనే ఉంటుంది.

చట్టాలు ఈ లోగా ముందుకు పోయాయి. 2010 ఏప్రిల్ నుంచి విద్యాహక్కు చట్టం అమలులోకి వచ్చింది, 2012 సవరణలో తీవ్ర వైకల్యం ఉన్న బిడ్డకు ఇంటి వద్దే చదువుకొనే వీలు చేర్చారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాలను ఏడు నుంచి 21కి పెంచింది. దాని 17వ సెక్షనులో, ఉపాధ్యాయులకే కాదు, సమ్మిళిత విద్యకు తోడ్పడే వృత్తి నిపుణులకు, సిబ్బందికి కూడా అన్ని స్థాయిల్లో శిక్షణ ఇవ్వాలని స్పష్టంగా ఉంది. సిబ్బంది అన్న ఆ ఒక్క మాట కోసం 1974 నుంచి 42 ఏళ్ళు పట్టింది. 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు ప్రత్యేక ఉపాధ్యాయుల నిష్పత్తి కూడా చెప్పింది. ప్రాథమిక స్థాయిలో 10 మందికి ఒకరు, ఆ పైన 15 మందికి ఒకరు. ఆ నిష్పత్తి ఉపాధ్యాయులదే. పక్కన ఉండే మనిషిది కాదు. చట్టంలోని ఆ మాట పోస్టుగా మారాలంటే, పోస్టుకు స్కేలు రావాలంటే ఎన్ని ఫైళ్ళు ఎన్ని బల్లలు దాటాలో మనకు తెలియనిది కాదు.

ఇప్పుడు పెన్షన్ సంగతి. మన సభ్యుల ఇళ్ళల్లోనూ ఇటువంటి బిడ్డలున్నారు. కొందరి బిడ్డలకు నలభై ఏళ్ళు దాటాయి. మేం పోయాక ఎవరు చూస్తారన్నదే ఆ ఇళ్ళల్లో నిద్రపట్టనివ్వని ప్రశ్న. కుటుంబ పెన్షన్ నిబంధనల్లో, సొంతంగా సంపాదించుకోలేని వైకల్యం ఉన్న కొడుక్కు గాని కూతురికి గాని వయసుతో నిమిత్తం లేకుండా పెన్షన్ కొనసాగే వీలుంది. దానికి వైకల్య ధ్రువపత్రం కావాలి. మేధో వైకల్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యం ఉన్నవారైతే, 18 ఏళ్ళు నిండాక వారి తరఫున సంతకం చేయడానికి సంరక్షకుణ్ణి నియమించవలసి ఉంటుంది. ఆ పని కోర్టు చుట్టూ తిరగకుండానే, నేషనల్ ట్రస్టు చట్టం కింద కలెక్టరుగారి అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీ చేస్తుంది. తల్లిదండ్రులిద్దరూ బతికి ఉండగా, చేతులు వణకక ముందే ఈ కాగితాలు పూర్తిచేసుకోవడం మేలు. పోయాక అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు తిరిగి తిరిగి అలసిపోవడం నేను ఉద్యోగంలో ఉండగా చూశాను.

సంరక్షకుడు కాగితం మీద ఎవరైనా కావచ్చు. రోజూ ముద్ద నోటి దాకా తెచ్చి వదిలే మనిషి ఎవరన్నది విడిగా ఆలోచించుకోవాలి. ఇంట్లో కోడలో, మనవరాలో, జీతానికి పెట్టుకున్న అమ్మాయో ఎవరైనా సరే, భవిత కేంద్రంలో రిసోర్సు టీచరు దగ్గర వారం పది రోజులు కూర్చుంటే చెప్పడానికి వారు సాధారణంగా వెనకాడరు. పెన్షన్ కాగితాల్లో ఆ బిడ్డ పేరు, పుట్టిన తేదీ, వైకల్యం వివరం సరిగా ఎక్కాయో లేదో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి ట్రెజరీకి వెళ్ళిన రోజున చూసుకోవచ్చు. లేకపోతే దరఖాస్తుతో పాటు ధ్రువపత్రం నకలు, ఫోటోలు తీసుకొని మన సంఘ కార్యాలయానికి రండి. ఫారాలు నింపడానికి నేను ఉంటాను, కళ్ళజోడు మాత్రం ఎవరిది వాళ్ళు తెచ్చుకోవాలి.